ఆల్చిప్పలన్నీ ఒకటి కావు

మామిడికాయ చెక్కు తీయడానికి మా నానమ్మ దగ్గర ఒక ఆల్చిప్ప ఉండేది. దాని వీపును రాతి మీద అరగదీసి బెజ్జం చేసి, ఆ బెజ్జం అంచుతో చెక్కు తీసేది. పసిపిల్లలకు ఉగ్గు పట్టడానికి ఇంకొక చిప్ప ఉండేది. పొడవుగా, పలచగా, లోపల వెండిలా మెరిసే చిప్పలనే ఆమె ఏరుకునేది. చిన్నగా, మందంగా, గుండ్రంగా ఉన్నవాటిని ముట్టుకునేది కాదు. జంతుశాస్త్రం చదవని మనిషి తన పనికి ఏ చిప్ప పనికొస్తుందో చేత్తో తడిమి తేల్చేసింది.

నేను ఇంటర్మీడియట్ పిల్లలకు జువాలజీ చెప్పాను. మిర్యాలగూడలో మొదలుపెట్టి, సూర్యాపేటలో చాలాకాలం పనిచేసి, రిటైరయ్యాక కోదాడలో స్థిరపడ్డాను. మా వరండాలో పాత స్వీటు డబ్బాల నిండా చిప్పలే. ప్రతి డబ్బా మీద చెరువు పేరు, నెల, సంవత్సరం రాసి ఉంటాయి. వచ్చినవాళ్లు అడిగే మొదటి మాట ఒకటే: "ఇన్ని ఎందుకు మేడం, అన్నీ ఒకటే గదా?" మూసీ ప్రాజెక్టు దగ్గర వల ఆరబెట్టుకుంటున్న ఒక జాలరి కూడా అదే అన్నాడు. "ఇది ముసలిది, గది పడుచుది, గంతే" అన్నాడు. చేపల విషయంలో అతనికి తెలిసినంత నాకు తెలియదు. చిప్పల విషయంలో మాత్రం నా దగ్గర చెప్పుకోదగ్గ సంగతులున్నాయి.

మన చెరువుల్లో, కాల్వల్లో, మూసీలో, పాలేరులో రెండు చిప్పల ప్రాణులు నాలుగైదు రకాలు సులువుగా దొరుకుతాయి. పెద్ద ఆల్చిప్పల్లో ముఖ్యమైనవి లామెల్లిడెన్స్ మార్జినాలిస్, లామెల్లిడెన్స్ కోరియానస్. వాటికంటే చిన్నది, గట్టిది పారేషియా కోరుగాటా. ఇసుకలో ఉండే బుల్లి గుల్ల కార్బిక్యులా. వీటికి పేర్లు పెట్టినవాళ్లు దూరదేశాల వాళ్లు. పారేషియా కోరుగాటాను డెన్మార్క్ శాస్త్రవేత్త ముల్లర్ 1774లో వర్ణించాడు. మార్జినాలిస్‌ను ఫ్రాన్స్‌కు చెందిన లామార్క్ 1819లో, కోరియానస్‌ను అమెరికాకు చెందిన ఐజాక్ లీ 1834లో వర్ణించారు. తర్వాత 1915లో ప్రెస్టన్ బ్రిటిష్ ఇండియా మంచినీటి మొలస్కాల మీద ఒక సంపుటం తెచ్చాడు. మనకు నిజంగా పనికొచ్చిన పుస్తకం 1989లో వచ్చింది. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించిన ఆ చేతిపుస్తకాన్ని రాసింది ఎన్.వి. సుబ్బారావు గారు. భారతదేశపు మంచినీటి గుల్లల్ని గుర్తుపట్టాలనుకునే ఎవరైనా ఇప్పటికీ ముందు తెరిచేది ఆ పుస్తకాన్నే.

గుర్తుపట్టడంలో జనం మొదట చూసేది రంగు, తర్వాత సైజు. రెండూ నమ్మదగినవి కావు. నల్ల బురదలో పెరిగిన చిప్పకు నల్లటి పూత పడుతుంది. అదే జాతి ఎర్రమట్టి చెరువులో గోధుమరంగులో ఉంటుంది. ఎండలో నాలుగు నెలలు పడి ఉంటే పైచర్మం పొరలు పొరలుగా లేచి తెల్లబడుతుంది. ఇక సైజు సంగతి. పిల్ల చిప్ప ప్రతి జాతిలోనూ చిన్నదే కదా! పారుతున్న నీటిలో పెరిగినది ఒక ఆకారంలో, నిలవనీటిలో పెరిగినది ఇంకొక ఆకారంలో ఉండవచ్చు. అందుకే నేను పిల్లలకు మొదటినుంచీ ఒకే మాట చెబుతూ వచ్చాను: ముందు చిప్పను తెరవండి, కీలు చూడండి.

ఎడమ చిప్ప ఏదో, కుడి చిప్ప ఏదో తెలుసుకోవడంతో పని మొదలవుతుంది. చిప్ప పైభాగంలో ఉబ్బుగా ఉండే చోటును అంబో అంటారు. చిప్ప ఎదగడం మొదలైంది అక్కడే. అంబోకు వెనకవైపు రెండు చిప్పల్నీ కలిపి పట్టుకునే గోధుమరంగు పట్టీ ఉంటుంది. అది లిగమెంట్. అంబో పైకి, పట్టీ మీవైపు ఉండేలా పట్టుకోండి. అప్పుడు మీ ఎడమచేతి వైపున్నది ఎడమ చిప్ప, రెండోది కుడి చిప్ప. ఎండిన చిప్ప ఒక్కటే దొరికితే ఇదే లెక్కతో అది ఎటువైపుదో తేల్చుకోవచ్చు. ఇది తెలియకపోతే పళ్ల లెక్క తారుమారవుతుంది.

పళ్లు అంటే నమిలే పళ్లు కావు. రెండు చిప్పలూ పక్కకు జారిపోకుండా ఒకదానిలో ఒకటి ఇమిడే గట్లు, గాడులు. అంబో కింద ఉండేవి ఒక రకం. అక్కడినుంచి పక్కలకు సాగే పొడుగాటి గట్లు ఇంకొక రకం. మొదటివాటిని నడిమి పళ్లనీ, రెండోవాటిని పక్క పళ్లనీ అనుకుందాం. జాతిని పట్టిచ్చేవి ఇవే. రంగు మారినా, చర్మం ఊడినా, అంచులు విరిగినా పళ్లు చాలాకాలం నిలుస్తాయి.

ముందు కార్బిక్యులా సంగతి చూద్దాం. దాన్ని చాలామంది పిల్ల ఆల్చిప్ప అనుకుంటారు. రెండు మూడు సెంటీమీటర్లు దాటని ఈ గుల్ల కాస్త త్రికోణంగా, బొద్దుగా ఉంటుంది. పైన అంచుకు సమాంతరంగా గట్లు ఒకదాని కింద ఒకటి వరసగా ఉంటాయి. గోటితో గీస్తే ఆ గరుకు తెలుస్తుంది. లోపలికి తిప్పి చూడండి. ఆల్చిప్పలో ఉండే ముత్యపు మెరుపు దీనిలో ఉండదు. పింగాణీలా తెల్లగానో, ఊదా ఛాయలోనో ఉంటుంది. కీలు దగ్గర భూతద్దం పెడితే అనుమానం పూర్తిగా తీరుతుంది. ప్రతి చిప్పలోనూ నడిమి పళ్లు మూడు. పక్క పళ్లు అంబోకు ముందూ ఉంటాయి, వెనకా ఉంటాయి. వాటి మీద సన్నటి రంపపు నొక్కులు కనిపిస్తాయి. ఆల్చిప్పల్లో పక్క పళ్లు వెనకవైపే ఉంటాయి, ముందువైపు ఉండవు. ఈ ఒక్క తేడా చాలు, పిల్ల ఆల్చిప్పనూ కార్బిక్యులానూ విడదీయడానికి. మన దక్కను నీళ్లలో తరచు దొరికేది కార్బిక్యులా స్ట్రియాటెల్లా. దాని గట్లు సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి.

ఈ కార్బిక్యులా కుటుంబానికి ప్రపంచంలో పెద్ద పేరే ఉంది, కాకపోతే చెడ్డపేరు. మన దానికి దగ్గరి చుట్టమైన కార్బిక్యులా ఫ్లూమినియా ఆసియా నుంచి అమెరికా చేరింది. 1938లో కొలంబియా నదిలో బతికిన గుల్లలు దొరికాయి. అక్కడినుంచి దేశమంతా పాకి, విద్యుత్ కేంద్రాల నీటి గొట్టాల్లో పేరుకుపోయి కోట్ల డాలర్ల ఖర్చు తెచ్చిపెట్టింది. దాన్ని అక్కడి సొంత గుల్లల నుంచి వేరుచేయడానికి పనికొచ్చే గుర్తు, నేను పైన చెప్పిన నొక్కుల పక్క పళ్లే.

ఇక పారేషియా కోరుగాటా. దీని లోపల ముత్యపు మెరుపు ఉంటుంది కాబట్టి ఇది ఆల్చిప్పల బంధువే. కానీ చేతిలోకి తీసుకోగానే తేడా తెలుస్తుంది. సైజుకు తగ్గ బరువు కాదు, అంతకంటే ఎక్కువ బరువు. చిప్ప మందం. ఆకారం కోడిగుడ్డు వాటం. అంబో బాగా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు మీద వంకర టింకర మడతలు వరసలు కట్టి, మన ఆడవాళ్లు గడప మీద వేసే ముగ్గు గీతల్లా కనిపిస్తాయి. ఆ గీతలే దీని ముద్ర. పెద్ద వయసు చిప్పల్లో అంబో అరిగి, సున్నపు పొర బయటపడి ఈ గీతలు పోతాయి. అందుకే ఒకే చోట దొరికిన వాటిలో చిన్నవాటిని కూడా ఏరి చూడాలి. పిల్ల చిప్ప మీద గీతలు చెక్కినట్టు ఉంటాయి. గీతలు పోయినా కీలు ఉంది కదా. దీని నడిమి పళ్లు మొద్దుగా, గరుకుగా, విరిగిన రాతిముక్కల్లాంటి అంచులతో ఉంటాయి. లామెల్లిడెన్స్‌లో అదే చోట పలచటి బిళ్లల్లాంటి గట్లు ఉంటాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూసినవాళ్లు మళ్లీ తికమకపడరు.

పారేషియాను పోలిన ఇండోనాయియా సెరూలియా అనే ఇంకొక జాతి దేశమంతటా ఉంది. అది కాస్త పొడవుగా, పలచగా ఉంటుంది, లోపలి మెరుపులో నీలిఛాయ ఉంటుంది. గీతల్ని చూసి తొందరపడి పారేషియా అని రాసేయకుండా పొడవు, మందం, పళ్లు ఈ మూడింటినీ కలిపి చూడాలి.

అసలు కష్టం లామెల్లిడెన్స్ జంటతోనే. మార్జినాలిస్, కోరియానస్ రెండూ పొడవైనవే, నున్ననివే, లోపల మెరిసేవే. రెండింటిలోనూ ఎడమ చిప్పలో పక్క పళ్లు రెండు, వాటి మధ్య పొడుగాటి గాడి. కుడి చిప్పలో ఒకటే పక్క పన్ను, అది వచ్చి ఆ గాడిలో కూర్చుంటుంది. అంటే ఇక్కడ కీలు మనకు జాతి (స్పీసీస్) పేరు కాదు, ప్రజాతి (జీనస్) పేరు మాత్రమే ఇస్తుంది. మిగతాది ఆకారం చెప్పాలి.

పిల్లలమర్రి వైపు నుంచి తెచ్చిన రెండు చిప్పలు ఇప్పుడు నా బల్ల మీద ఉన్నాయి. పాత టూత్‌బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టాను. మొదటిదాని పైఅంచు అంబో వెనకనుంచి వంపు తిరిగి, వెనకభాగంలో కాస్త పైకి లేచి, మళ్లీ దిగింది. చిప్ప ముదురు గోధుమరంగు, కిందిఅంచు పొడుగునా మాత్రం లేత పసుపు పట్టీ. ఇది మార్జినాలిస్. రెండోది దానికంటే సన్నం. పైఅంచు, కిందిఅంచు ఇంచుమించు సమాంతరంగా సాగాయి. వెనకకొన ముందుకొన కంటే కోసుగా ఉంది. పసుపు పట్టీ లేదు. ఇది కోరియానస్. ఇంత స్పష్టంగా విడిపోయే జంట దొరకడం అదృష్టం. అదే డబ్బాలో ఈ రెండింటికీ మధ్యలో నిలిచే చిప్పలు కూడా ఉన్నాయి. వాటి మీద నేను "లామెల్లిడెన్స్" అని మాత్రమే రాసి ఊరుకున్నాను. ఈ ప్రజాతిలో ఆకారం నీటినిబట్టి చాలా మారుతుందనీ, జాతుల హద్దులు తేల్చడానికి డీఎన్ఏ కూడా చూడాలనీ పరిశోధకులే అంటున్నారు. తెలిసినంతవరకే పేరు రాయడం శాస్త్రంలో లోపం కాదు. సగం తెలిసి పూర్తి పేరు రాస్తేనే తప్పు. ఆ తప్పుడు లేబులు ఇంకొకరి పుస్తకంలోకి ఎక్కి యాభై ఏళ్లు బతుకుతుంది.

కొలత కూడా తీసుకోండి. వెర్నియర్ కాలిపర్స్ ప్రతి కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ఉంటుంది. పొడవు, ఎత్తు, రెండు చిప్పలు మూసినప్పటి మందం రాసుకుంటే చాలు. ఒక చెరువులో దొరికిన నలభై యాభై చిప్పల కొలతలు గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెడితే, రెండు గుంపులుగా విడిపోతాయా, ఒకటే గుంపుగా ఉంటాయా అన్నది కంటికే కనిపిస్తుంది. చిప్ప మీది వలయాల్ని లెక్కపెట్టి ఇన్నేళ్ల వయసు అని మాత్రం చెప్పకండి. మన చెరువు ఎండినప్పుడల్లా, నీరు చెడినప్పుడల్లా ఎదుగుదల ఆగి ఒక గీత పడుతుంది. అన్ని గీతలూ సంవత్సరాలు కావు.

కొందరు పిల్లలు సెలవులకు కాకినాడ, మచిలీపట్నం వెళ్లివచ్చి సముద్రపు గుల్లలు తెచ్చి ఇదే బల్ల మీద పోస్తారు. వాటికి ఇంకొక గుర్తుంది. చిప్ప లోపల, అంచుకు కాస్త ఎడంగా, ప్రావారం, అంటే ప్రాణి ఒంటిని కప్పే మెత్తటి పొర, అంటిపెట్టుకున్న గీత ఒకటి ఉంటుంది. మెరెట్రిక్స్ లాంటి తీరపు గుల్లల్లో ఆ గీత వెనకవైపు లోపలికి నొక్కినట్టు వంగుతుంది. నీళ్లు పీల్చే గొట్టాలను లోపలికి ముడుచుకునే చోటది. మన ఆల్చిప్పల్లో ఆ నొక్కు ఉండదు. కాకినాడ ఖాతంలో ఎక్కువగా దొరికే అనడారా గ్రనోసా అయితే ఇంకా తేలిక. బయట బుడిపెలున్న నిలువు గట్లు, లోపల కీలు పొడుగునా ఒకే వరసలో లెక్కలేనన్ని సన్నపళ్లు ఉంటాయి.

ఇంత పట్టింపు ఎందుకని అడిగేవాళ్లకు నేను చెరువు సంగతి చెబుతాను. ఆల్చిప్ప తొలిదశ పిల్లను గ్లోకిడియం అంటారు. అది తల్లి మొప్పల్లో పెరిగి నీళ్లలోకి వచ్చాక చేప మొప్పకో రెక్కకో అంటుకుని కొన్నాళ్లు బతకాలి. ఆ తర్వాతే బురదలోకి దిగి సొంతంగా జీవిస్తుంది. చేప లేకపోతే తర్వాతి తరం ఆల్చిప్ప లేదు. కార్బిక్యులాకు ఈ బాధ లేదు. దానికి చేప అక్కర్లేదు, త్వరగా పెరుగుతుంది, త్వరగా పిల్లల్ని వదులుతుంది. కాబట్టి ఒక చెరువులో ముసలి లామెల్లిడెన్స్ చిప్పలు మాత్రమే దొరికి పిల్ల చిప్పలు ఒక్కటీ కనబడకపోతే, అక్కడ ఏదో తెగిపోయిందన్నమాట. అదే చోట కార్బిక్యులా కుప్పలుగా ఉన్నా ఆ లోటు తీరదు. అన్నింటినీ కలిపి "ఆల్చిప్పలు బాగానే ఉన్నాయి" అని రాస్తే ఈ సంగతి మరుగున పడుతుంది.

మన ప్రాంతపు నీళ్లు రెండు తరాల్లో చాలా మారాయి. సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు 1963కి పూర్తయింది. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు విడుదలయ్యాక ఎడమ కాల్వ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మీదుగా ఖమ్మం వైపు సాగి కొత్త నీటి ఆవాసాన్ని సృష్టించింది. కాల్వ మట్టిగట్లు ఉన్నచోట చిప్ప తన పాదంతో తవ్వుకుని దాక్కోగలదు, సిమెంటు లైనింగులో దాక్కోలేదు. హైదరాబాదు మురుగు మోసుకొచ్చే మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఇసుక తోడే చోట ఇసుకలో ఉండే గుల్ల పోతుంది. పూడిక తీసే చోట బురదలో ఉండే చిప్ప ట్రాక్టరెక్కి పొలానికి పోతుంది. పూడిక తీయొద్దని నేననను, చెరువు నిండాలి, పంట పండాలి. కానీ తీసేముందు ఆ బురదలో ఏమేం బతుకుతున్నాయో ఒక జాబితా అయినా రాసుకోవాలి కదా. అలాంటి జాబితా ఉన్న చెరువు మా చుట్టుపక్కల నాకు ఒక్కటీ తారసపడలేదు.

జాతి తెలియకపోతే డబ్బూ పోతుంది. కోదాడ వైపు ఒక కుర్రాడు మంచినీటి ముత్యాల పెంపకం మొదలుపెట్టాలని ఒక వ్యాపారి దగ్గర చిప్పలు కొన్నాడు. నా దగ్గరికి తెచ్చి చూపిస్తే సగానికి సగం పారేషియాలు, మిగతావాటిలో చాలా భాగం పిల్ల లామెల్లిడెన్స్‌లు. భువనేశ్వర్ దగ్గర కౌసల్యగంగలో ఉన్న కేంద్ర మంచినీటి జలజీవుల పెంపకం సంస్థ (సీఫా) ముత్యాల పెంపకం పద్ధతిని రూపొందించింది. దానిలో ఎక్కువగా వాడేది లామెల్లిడెన్స్ మార్జినాలిస్, అదీ ఎనిమిది సెంటీమీటర్లకు తగ్గకుండా ఎదిగినది. ఆ అబ్బాయికి డబ్బు కట్టేముందు ఒక చిప్ప తెరిచి కీలు చూడాలని చెప్పినవాళ్లు లేరు. ముత్యాల మీద లాభాల వీడియోలు చూసి దిగేవాళ్లు ముందు ఈ చిప్పల తేడా నేర్చుకుని, ఆ సంస్థ ఇచ్చే శిక్షణ తీసుకుని, తర్వాతే పెట్టుబడి పెట్టాలి.

ఇంకొక బాధ కూడా చెప్పాలి. ఒక కాలేజీ జువాలజీ ల్యాబులో అద్దాల బీరువా నిండా చిప్పలు చూశాను. ఎవరో ఎంతో ఓపికగా ఏరి తెచ్చినవి. లేబుళ్లు ఊడిపోయి, చెదలు తిని, ఏ చిప్ప ఏ చెరువుదో తెలియకుండా పోయింది. జాతి పేరును పళ్లు చూసి మళ్లీ రాయవచ్చు. ఊరు, తేదీ పోతే మళ్లీ రావు. డబ్బా మీద అతికించిన కాగితాన్ని నమ్మకుండా చిప్ప లోపలే పెన్సిలుతో నంబరు వేసి, ఆ నంబరు, ఊరు, తేదీ ఒక నోటుబుక్కులో రాయమని నేను అప్పటినుంచీ అందరికీ చెబుతున్నాను.

ఈ వేసవిలో మీ ఊరి చెరువు అడుగంటినప్పుడు కట్ట వెంట ఒక నడక నడవండి. నత్తగుల్ల కొంగలు గూడు కట్టిన చెట్ల కింద కూడా చూడండి, అవి తిని పడేసిన చిప్పలుంటాయి. ఖాళీ చిప్పలే ఏరండి. మూసుకుని, తడిగా, బరువుగా ఉన్నది బతికున్నది, దాన్ని నీళ్లున్న వైపు బురదలో వదిలిపెట్టండి. ఏరినవాటిని కడిగి, ఎడమా కుడీ తేల్చి, కీలును దగ్గరగా ఒక ఫొటో, బయటివైపు ఒక ఫొటో తీయండి. చెరువు పేరు, ఊరు, తేదీ రాసి దగ్గరి కాలేజీ జువాలజీ లెక్చరర్‌కు ఇవ్వండి. జువాలజీ చెప్పే మిత్రులారా, వాటిని బీరువాలో పెట్టేముందు జాతి పేరు రాయండి, తేలనివాటికి ప్రజాతి పేరు రాసి వదిలేయండి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చెరువుల ఆల్చిప్పలకు ఒక జాబితా తయారుకావడానికి ఇంతకంటే పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు.